ఏడ్చే గోడ మంచిది



రోళ్ళు పగిలే రోహిణి కార్తె వెళ్ళిపోయింది. మృగశిర వస్తూనే మా వీధిలో రెండు జల్లులు పడ్డాయి. ఈ ఉత్తరం రాస్తుంటే కిటికీలోంచి తడిమట్టి వాసన వస్తోంది.

పోయిన నెల స్లాబు తడపడం గురించి రాసినదానికి చాలా జాబులు వచ్చాయి. "మా మేస్త్రీ మూడు రోజులు చాలంటున్నాడు" అన్నవాళ్ళే ఎక్కువ. మేస్త్రీతో పేచీ పెట్టుకోకండి గానీ, నీళ్ళ పైపు మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. మామూలు సిమెంటయితే ఏడు రోజులు, ఫ్లైయాష్ కలిసినదయితే పది రోజులు. అంతకు తగ్గొద్దు.

ఈసారి వచ్చిన వాటిలో ఒక జాబు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. విశాఖలో ఆరిలోవ వైపు కొండవాలున స్థలం కొనుక్కున్న ఒక పాఠకుడు రాశారు. ఆయన మాటల్లోనే చెబుతాను:

"ఇంజనీరు గారూ, ఇంటి కోసం స్థలం వెనక పది అడుగుల ఎత్తున మట్టి కోసి చదును చేశాం. వానాకాలం వస్తే ఆ మట్టంతా జారి వంటింట్లోకి వచ్చేలా ఉంది. అక్కడే కాంక్రీటు గోడ పోయించాలంటే సెంట్రింగు, రాడ్లు, మనుషులు, రెండు నెలల పని. రెడీమేడ్ గోడ ముక్కలు అమ్మేవాళ్ళు లారీలో తెచ్చి క్రేనుతో రెండు రోజుల్లో నిలబెట్టేస్తామంటున్నారు. బలం సంగతి అడిగితే లాబు రిపోర్టు చేతిలో పెట్టారు. క్యూబులన్నీ పాసయ్యాయట. ఇది చాలా?"

అయ్యా, చాలదు. అలాగని ఆ రిపోర్టు అబద్ధమనీ, ఆ ముక్కలు పనికిరావనీ అనను. ఫ్యాక్టరీలో ఇనుప అచ్చుల్లో, కింద నుంచి అదిరే బల్లల మీద పోసిన కాంక్రీటు మన పెరట్లో తట్టలతో మోసి పోసిన కాంక్రీటు కంటే చాలాసార్లు మేలుగానే ఉంటుంది. రిపోర్టులో అంకెలు నిజమే కావచ్చు. అయితే ఆ రిపోర్టు ఏ ప్రశ్నకు జవాబో మనకు తెలియాలి.

క్యూబు అంటే 15 సెంటీమీటర్ల ఘనం. గోడ పోసిన కాంక్రీటులోంచే కాస్త తీసి ఆ అచ్చులో నింపుతారు. 28 రోజులు నీళ్ళలో ఉంచి, మిషనులో పెట్టి నలుపుతారు. ఎం-30 రకం కాంక్రీటు అయితే ఆ చిన్న ముక్క సుమారు 69 టన్నుల బరువు పడేదాకా నలగదు. అరచేతిలో పట్టనంత ముక్క, నిండా లోడెత్తిన పెద్ద లారీని మించిన బరువు! ఆ అంకె చూస్తే ఎవరికైనా ధైర్యం వస్తుంది. కానీ మీ గోడ నెత్తిన ఎవరూ 69 టన్నులు పెట్టరు. దాన్ని వెనక నుంచి మట్టి నెడుతుంది. గోడ నలగదు, వంగుతుంది. వంగేటప్పుడు ఒక పక్క నొక్కుకుంటే రెండో పక్క సాగుతుంది. కాంక్రీటుకు నొక్కుడు తట్టుకునే సత్తా ఎంతో, సాగుడు తట్టుకునే సత్తా అందులో దాదాపు పదోవంతే. ఆ లోటు తీర్చడానికే లోపల ఇనుప ఊచలు. క్యూబులో ఊచలుండవు, దాని వెనక మట్టి ఉండదు. పెళ్ళికొడుకు పళ్ళు గట్టివని డాక్టరు రాసిన చీటీ చూసి పెళ్ళి ఖాయం చేసుకున్నట్టు ఉంటుంది, ఒక్క క్యూబు రిపోర్టుతో గోడ కొంటే.

మట్టి ఎంత బలంగా నెడుతుందో లెక్క కట్టడానికి మొదట దారి చూపినవాడి పేరు మీకు తెలిసిందే. ఇంటర్ ఫిజిక్సులో విద్యుదావేశాల మధ్య బలానికి సూత్రం చెప్పిన కూలుంబ్. ఆయన అసలు వృత్తి ఫ్రెంచి సైన్యంలో ఇంజనీరు పని. కరీబియన్ సముద్రంలో మార్టినీక్ దీవిలో కోట కట్టిస్తూ ఎనిమిదేళ్ళు గడిపాడు. కోట అంటే గోడలు, గోడల వెనక మట్టి. తిరిగొచ్చాక 1773లో పారిస్ అకాడమీ ముందు చదివి, 1776లో అచ్చయిన వ్యాసంలో ఆయన చెప్పింది ఇది: గోడ కాస్త కదిలితే వెనకున్న మట్టిలోంచి ఒక ముక్క, కట్టెలు చీల్చే మేకు ఆకారంలో, ఏటవాలుగా జారాలని చూస్తుంది. గోడ మోయాల్సింది ఆ ముక్క నెట్టుడే. 1857లో స్కాట్లండు ఇంజనీరు రాంకిన్ దాన్నే ఇంకో దారిలో సులువు చేశాడు. ఈనాటికీ ఇంజనీర్లు మొదట వేసుకునే లెక్క అదే.

మన ఆరిలోవ గోడకే వేసి చూద్దాం. ఎత్తు 3 మీటర్లు అనుకుందాం, అంటే పది అడుగులకు రవ్వంత తక్కువ. వెనక మామూలు ఇసుక పాలున్న మట్టి, ఘనపు మీటరు 1.8 టన్నులు. అలాంటి పొడి మట్టి పక్కకు నెట్టేది తన బరువులో సుమారు మూడో వంతు. ఆ లెక్కన గోడ పొడుగులో ప్రతి మీటరు మీదా 2.7 టన్నుల నెట్టుడు, అడుగు నుంచి ఒక మీటరు ఎత్తులో నెట్టినట్టు. అంటే మీ వంటిల్లు ఆరు మీటర్ల పొడుగుంటే, దాని వెనక గోడను పదహారు టన్నులు రాత్రింబవళ్ళు నెడుతూనే ఉంటాయి.

రెండు సంగతులు గుర్తు పెట్టుకోండి. ఎత్తు రెట్టింపయితే ఈ నెట్టుడు నాలుగింతలవుతుంది. గోడ మొదట్లో, అంటే అడుగున, పడే వంపు ఎనిమిదింతలవుతుంది. "ఇంకో మూడడుగులు లేపేద్దాం, ఏమవుతుంది" అనే మాట గోడల దగ్గర పనికిరాదు. రెండోది, గోడ పైన గట్టు మీద చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున ఇసుకో, ఇటుకలో, లారీయో ఉంటే మొదట్లో పడే వంపు సగానికి పైగా పెరుగుతుంది. ఇల్లు కట్టేటప్పుడు అందరూ ఇటుక దించేది సరిగ్గా అక్కడే.

ఇక ముక్క సంగతి. ఎక్కువగా అమ్మేది ఇంగ్లీషు ఎల్ అక్షరం ఆకారంలోది. నిలువు పలక, దాని అడుగున పాదం. పాదాన్ని మట్టి కిందకు తోసి పెడతారు. నెట్టేది మట్టే, పాదం మీద కూర్చుని గోడను పడిపోకుండా పట్టి ఉంచేదీ మట్టే. దొంగ చేతికే తాళాలిచ్చిన ఏర్పాటు, కానీ చక్కగా పనిచేస్తుంది.

ఈ పలకలో సాగే పక్క ఏది? మట్టివైపు. కాబట్టి అసలైన ఊచలు మట్టివైపు ఉండాలి. బయటికి కనిపించే వైపు సన్న ఊచలు నామకార్థం ఉంటాయి. అచ్చులో ఊచల జాలీ దించేటప్పుడు కింద పెట్టే బిళ్ళలు జారితే ఊచలు పలక మధ్యకు వచ్చేస్తాయి. పోయటం అయ్యాక పైకి ఏమీ తెలీదు, పలక అద్దంలా ఉంటుంది. ఊచలు ఉండాల్సిన లోతులో పది శాతం తప్పితే వంపు తట్టుకునే బలమూ ఇంచుమించు పది శాతం తగ్గిపోతుంది. క్యూబు రిపోర్టు మాత్రం మారదు.

ఊచలు ఎక్కడున్నాయో పలక పగలగొట్టకుండా చూసే పరికరం ఉంది, కవర్ మీటర్ అంటారు. అయస్కాంతపు పద్ధతిలో ఇనుము జాడ పట్టి, ఊచ ఎంత లోతులో ఉందో, ఎంత దూరానికి ఒకటి ఉందో చెబుతుంది. ఎల్ గోడ విషయంలో నన్నడిగితే అన్నిటికంటే ముందు చేయించాల్సిన పరీక్ష ఇదే. సరుకు మీ గుమ్మం ముందు దిగాక కూడా చేయించొచ్చు.

మిగతా పరీక్షలు మన అమ్మమ్మలకు తెలిసినవే. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి, ఖంగున మోగితేనే కొంటారు కదా. ఇంజనీర్ల దగ్గర దానికి రెండు రూపాలున్నాయి. రీబౌండ్ హామర్ అనే స్ప్రింగు సుత్తితో కాంక్రీటును కొట్టి, అది ఎంత వెనక్కి ఎగిరిందో చూస్తారు. ఐదు నిమిషాల పని, కానీ అది చెప్పే బలంలో అటూ ఇటూ 25 శాతం తేడా ఉండొచ్చని మన భారతీయ ప్రమాణాల కోడే ఒప్పుకుంటుంది. రెండోది, పలక ఒక పక్క నుంచి చెవికి వినిపించని శబ్దం పంపి, రెండో పక్కకు ఎంతసేపటికి చేరిందో కొలవడం. సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే కాంక్రీటు మేలిరకం. లోపల గుల్ల ఉంటే శబ్దం చుట్టూ తిరిగి ఆలస్యంగా చేరుతుంది. ఇన్ని చేసినా అనుమానం తీరకపోతే గొట్టంలాంటి కట్టరుతో చిన్న దిమ్మ కోసి తీసి నలిపి చూస్తారు. మూడు దిమ్మల సగటు బలం అనుకున్నదాంట్లో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

ఇవన్నీ గోడ ఒంటిని తడిమి చూసేవి. గోడతో నిజంగా పని చేయించి చూసేది బరువు పరీక్ష. దాన్ని చూడ్డం నాకు ఇప్పటికీ సరదానే.

ఒక పద్ధతిలో రెండు ఎల్ ముక్కల్ని మట్టివైపులు ఎదురెదురుగా ఉండేలా నిలబెడతారు. పాదాలు జరక్కుండా కట్టేసి, వాటి మీద బరువులు పెడతారు. రెండు పలకల మధ్య, అడుగు నుంచి ఒక మీటరు ఎత్తులో, హైడ్రాలిక్ జాకీ అడ్డంగా పెట్టి తోస్తారు. మీటరు వెడల్పు ముక్కలయితే 2.7 టన్నులకు తెచ్చి ఆపుతారు, పగుళ్ళు చూస్తారు, ఆపైన ఇంకా పెంచుతారు. ఒక ముక్క రెండోదాన్ని పరీక్షిస్తుంది. అత్తాకోడళ్ళను ఒకే వంటింట్లో పెట్టినట్టు, ఎవరు ముందు తగ్గుతారో తెలిసిపోతుంది. పలక మొదట్లో అసలు గోడకు పడేంత వంపే పడుతుంది, కానీ జాకీకి పైనున్న భాగం మీద ఏమీ పడదు.

అందుకని రెండో పద్ధతి. పాదాన్ని గట్టిగా బిగించి, పలకను మట్టివైపు పైకి ఉండేలా గాల్లో పడుకోబెట్టి, దాని మీద ఇసుక బస్తాలు పేరుస్తారు. పాదం దగ్గర ఎక్కువ, కొసకు పోనుపోను తక్కువ. ఆ వాలు అచ్చం మట్టి నెట్టుడు వాలే. మూడు మీటర్ల మట్టి అడుగున ఎంత పక్కకు నెడుతుందో, ఒక మీటరు ఎత్తు మట్టి కిందికి అంతే బరువు మోపుతుంది. మొదట్లో మీటరు ఎత్తు పోసి, కొసకు సున్నా చేస్తే లెక్క సరిపోతుంది.

సరిపోతుందా? ఇక్కడే కుర్ర ఇంజనీర్లు బోర్లా పడతారు, నేనూ ఒకసారి పడ్డాను. పడుకోబెట్టిన పలకకు తన సొంత బరువు కూడా ఉంది. 20 సెంటీమీటర్ల మందం పలకయితే, ఒక్క బస్తా పెట్టకముందే, తన బరువుతోనే మొదట్లో 2.25 టన్ను-మీటర్ల వంపు పడుతుంది. అసలు మట్టి వల్ల పడేది 2.7. అంటే పరీక్షలో ఆరింట ఐదు వంతులు పడుకోబెట్టగానే అయిపోయింది, బస్తాలతో చేయాల్సింది ఆరో వంతే! ఇది లెక్కలో మర్చిపోయి మొత్తం బస్తాలు పేరిస్తే మంచి ముక్కను చేతులారా విరిచినట్టే. ఇంకో తమాషా చూడండి. అదే పలకను లారీలో బోర్లా, మట్టివైపు కిందికి ఉండేలా కొస గాల్లో పెట్టి తీసుకొస్తే, సాగేది నామకార్థపు ఊచలున్న వైపు. గతుకుల రోడ్డు మీద నాలుగు ఎగుర్లకు మొదట్లో పగులు రావడానికి అంతకంటే ఏం కావాలి? కాబట్టి లారీ రాగానే ముందు ముక్కలు ఎలా పడుకుని వచ్చాయో చూడండి, తర్వాత పాదం కలిసే మూల చూడండి.

బరువు పెట్టాక దించేయరు. కట్టడాల బరువు పరీక్షకు మన ఐ.ఎస్. 456 కోడు చెప్పే పద్ధతిలో, మోయాల్సిన బరువుకు ఒకటింబావు వంతు పెట్టి 24 గంటలు ఉంచుతారు. తర్వాత తీసేసి మరో 24 గంటలు ఆగుతారు. వంగినదాంట్లో కనీసం 75 శాతం వెనక్కి రావాలి. పగుళ్ళ వెడల్పు కూడా కొలుస్తారు. ఎప్పుడూ తడిమట్టి తగిలే కాంక్రీటుకు 0.2 మిల్లీమీటర్లే హద్దు, రెండు కాగితాల మందం. అది దాటితే నీరు ఊచను చేరుతుంది.

వంగడం తప్పు కాదండీ. వంగి లేవకపోవడం తప్పు.

ఇంతవరకూ చెప్పిన పరీక్షలన్నీ మీ ముక్క పాసయిందనుకుందాం. నేను అలాంటి గోడ ఒకటి చూశాను. ఎవరిదన్నది ఎందుకు లెండి, ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఒక గోడౌను యార్డుకు మూడు మీటర్ల ఎల్ ముక్కలు పెట్టారు. క్యూబులు పాస్. ఊచలు ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. బస్తాల పరీక్ష నేనే దగ్గరుండి చేయించాను, వంగినదాంట్లో తొంభై పాళ్ళు వెనక్కి వచ్చింది. నా సంతకంతో రిపోర్టు ఇచ్చాను. దాని నకలు ఇంకా నా బీరువాలో ఉంది.

రెండో వానాకాలంలో ఫోను వచ్చింది. వెళ్ళి చూస్తే పన్నెండు ముక్కలు వరసగా ముందుకు వాలి ఉన్నాయి, పైకొసలో నాలుగు వేళ్ళు. ఒక్క పలక కూడా విరగలేదు. మొత్తం గోడే పాదాలతో సహా జరిగి ఒరిగింది. యార్డు ఖాళీ చేయించాం గానీ కారణం తోచలేదు. మా ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు కాంక్రీటు చూస్తున్నారు, ఓనరు తాలూకువాళ్ళు డ్రాయింగు చూస్తున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్, శ్రీకాకుళం వైపు మనిషి, నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు: "ఇదివరకు వానొత్తే గోడ ఏడిసేది బాబూ. ఈ పాలి ఏడవనేదు."

అప్పుడు చూశాను. గోడ అడుగు వరసలో నీళ్ళు పోవడానికి విడిచిన కన్నాలు, వీప్ హోల్స్ అంటారు, ఒక్కటి కూడా లేదు. వేసవిలో యార్డులో ఏదో ప్రారంభోత్సవం. కన్నాల్లోంచి కారిన ఎర్రమట్టి చారలు గోడ నిండా అసహ్యంగా ఉన్నాయని, సిమెంటు పెట్టి అన్నీ పూడ్చి, తెల్లగా రంగేయించారు. గోడ ఫోటోల్లో బాగానే పడి ఉంటుంది.

పూడ్చిన కన్నాల్లో ఒకటి దూరం నుంచి పొడుగు డ్రిల్లుతో తీయిస్తే, పంపు తిప్పినట్టు నీళ్ళు చిమ్మాయి. ఒక రోజంతా కారుతూనే ఉన్నాయి.

నీళ్ళు చేసే పని లెక్కలో చూడండి. పొడి మట్టి నెట్టుడు 2.7 టన్నులు అనుకున్నాం. వెనక నీళ్ళు గోడ పైదాకా నిలిస్తే, నీటిలో మునిగిన మట్టి కాస్త తేలికవుతుంది, దాని నెట్టుడు 1.5 టన్నులకు దిగుతుంది. కానీ నీళ్ళకు మట్టిలా తన మీద తను నిలబడే గుణం లేదు. మట్టి మూడో వంతే నెడితే నీరు మొత్తం బరువుతో నెడుతుంది. ఒక్క నీటి నెట్టుడే 4.5 టన్నులు. రెండూ కలిపి 6. ఒక్క రాత్రి వానకు, బయటికి ఏ మార్పూ కనిపించకుండా, గోడ మీద పని రెండింతలు దాటిపోయింది. పైగా పాదం కింది మట్టి నాని పట్టు తగ్గుతుంది. గోడకు గిన్నెలా పనిచేయమని ఎవరూ చెప్పలేదు, మనమే కన్నాలు మూసి గిన్నెను చేశాం. నీరు పల్లమెరుగు అంటారు. పల్లానికి దారి లేకపోతే గోడను పడేసయినా దారి చేసుకుంటుంది.

వార్తల్లో చూసినవే రెండు చెబుతాను. 2024 మే 7 సాయంత్రం హైదరాబాదు బాచుపల్లిలో, కడుతున్న అపార్టుమెంటులో మట్టిని ఆపే గోడ (రిటైనింగ్ వాల్) కూలి కూలీల గుడిసెల మీద పడింది. ఏడుగురు పోయారు. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలంలో, చందనోత్సవానికి క్యూలో నిలబడ్డ భక్తుల మీద కొత్తగా కట్టిన గోడ కూలింది. అక్కడా ఏడుగురే. ఇవి ప్రీకాస్టు గోడల, అంటే రెడీమేడ్ ముక్కల గోడల, కథలని అనడం లేదు, ఒక్కోదాని వెనక కారణాలు ఎన్నో ఉంటాయి. రెండు చోట్లా ఉన్నది మాత్రం ఒకటి: ఆ వేళ కుండపోత వాన. గోడ కూలిన వార్త కనిపిస్తే అదే పేజీలో వాన వార్త వెతకండి, చాలాసార్లు దొరుకుతుంది.

విజయవాడవాళ్ళు అనుకుంటూ ఉంటారు, మరి మా కృష్ణలంక వరద గోడ నిలబడింది కదా అని. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను ఆ గోడ కృష్ణలంకలోకి రానివ్వలేదు. నిజమే. కానీ నది గోడలకు వరద నిలబడ్డప్పటి కంటే తీసినప్పుడు ఇంకో రకం పరీక్ష ఉంటుంది. నది చకచకా దిగిపోతుంది, గోడ వెనక మట్టిలో తడి అంత తొందరగా దిగదు. ముందు నుంచి ఆనుకున్న నీళ్ళు పోయి, వెనక నుంచి నెట్టేవి మిగులుతాయి. నదుల పక్క గోడల్ని వరద వెళ్ళాక వారం రోజులు కనిపెట్టి చూడాలని అందుకే చెబుతాం.

ఇంతకీ ఎంత వాలితే భయపడాలి? దీనికో చక్కని కథ ఉంది. 1929లో అమెరికాలో ఎం.ఐ.టి.లో కార్ల్ టెర్జాగీ అనే ఆస్ట్రియా ఇంజనీరు ఒక పెద్ద తొట్టె కట్టించి, ఒక పక్క కదిలే గోడ పెట్టి, ఇసుక నింపి, గోడను రవ్వంత రవ్వంత ముందుకు జరుపుతూ నెట్టుడు కొలిచాడు. గోడ కదలకుండా బిగుసుకుని ఉంటే ఇసుక గట్టిగా నెట్టింది. తన ఎత్తులో వెయ్యో వంతు పాటి కదిలేసరికి నెట్టుడు బాగా పడిపోయింది. ఆ కాస్త సందులో ఇసుక రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని తమ బరువు తామే మోసుకోవడం మొదలెట్టాయి. మూడు మీటర్ల గోడకు వెయ్యో వంతంటే 3 మిల్లీమీటర్లు. అంతమాత్రం ఒరగడం మంచిదే, అక్కడితో ఆగాలి. మా యార్డు గోడ నాలుగు వేళ్ళు ఒరిగింది, అది ఇరవై రెట్లకు పైమాట. కాబట్టి గోడ పెట్టిన రోజునే గుండు దారం వేలాడదీసి, పైనా కిందా ఎంత దూరముందో కొలిచి, ఆ అంకె గోడ మీదే పెయింటుతో రాయించండి. ఏటా వానాకాలానికి ముందోసారి, తర్వాతోసారి కొలవండి. అంకె నిలకడగా ఉంటే నిద్రపొండి. ప్రతిసారీ పెరుగుతుంటే నాలాంటివాణ్ణి పిలవండి.

ఫ్లైఓవర్ల ఎక్కుడు దగ్గర పక్కల కనిపించే ప్లస్ గుర్తు ఆకారపు పలకలు కూడా ప్రీకాస్టువే కదా, వాటి సంగతేమిటని మీలో కొందరు అడగబోతారని తెలుసు. వాటి తరహా వేరు. ఆ పలకల వెనక నుంచి మట్టిలోకి పట్టీలో, ప్లాస్టిక్ వలలో చాలా లోతుకు పరిచి ఉంటాయి. మట్టికి మట్టే గోడ, పలక దాని చొక్కా. ఫ్రెంచి ఇంజనీరు ఆన్రీ విడాల్ 1963లో పేటెంటు తీసుకున్న పద్ధతి. అక్కడ పలకను పరీక్షించడం కంటే పట్టీని మట్టిలోంచి పీకి చూసే పరీక్ష ముఖ్యం. ఆ ముచ్చట ఇంకో ఉత్తరంలో.

ఆరిలోవ మిత్రుడికి ఇప్పుడు సూటిగా చెబుతాను.

అమ్మేవాళ్ళను క్యూబు రిపోర్టుతో పాటు ఇంకో మూడు అడగండి. ఈ ఎత్తు ముక్క మీద బరువు పరీక్ష చేశారా, ఎంత బరువుకు ఎంత వంగింది, ఎంత వెనక్కి వచ్చింది? ఊచలు ఏ వైపు, ఎంత లోతున, కవర్ మీటరుతో చూపిస్తారా? మీ లెక్కలో వెనక మట్టి ఏ రకం, నీళ్ళు ఉంటాయా ఉండవా, గట్టు మీద బరువు ఎంత? మూడో ప్రశ్నకు తడుముకుంటే వాళ్ళు గోడ అమ్మడం లేదు, పలక అమ్ముతున్నారని అర్థం. ఒరగకుండా, జారకుండా చూసే లెక్క మీ స్థలానికి ప్రత్యేకంగా వేయించాలి. పాదం కింద ఏముందో మీ స్థలానికి తెలుసు గానీ ఫ్యాక్టరీకి తెలీదు.

ముక్కలు నిలబెట్టాక మీరు ఎండలో నిలబడాల్సిన పని మొదలవుతుంది. గోడ వెనక అడుగున్నర మందాన కంకర, దాని అడుగున చిల్లుల పైపు, కంకరలోకి మట్టి దూరకుండా మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ, ముక్కకూ ముక్కకూ మధ్య అతుకుల వెనక కూడా అదే గుడ్డ. దాని వెనక ఇసుక పాలున్న మట్టి లేదా గ్రావెలు. నల్లరేగడి మాత్రం ఒక్క తట్ట కూడా వద్దు. తడిస్తే ఉబ్బి నెడుతుంది, ఎండితే బీటలిచ్చి మరుసటి వాన నీళ్ళను గోడ మొదట్లోకి దింపుతుంది. మట్టి ఒక్కసారే లారీతో గుమ్మరించకుండా, జానెడు జానెడు మందాన పోసి దట్టించాలి. పెద్ద రోలరును గోడ పక్కకు రానివ్వకండి, గోడ వారన దిమ్మిసతోనో, చేత్తో నడిపే చిన్న మిషనుతోనో కొట్టించండి. చాలా గోడలకు పుట్టినప్పటి నుంచీ ఎదురయ్యే అతి పెద్ద నెట్టుడు ఆ రోలరుదే. గట్టు పైన నీళ్ళు నిలవకుండా చిన్న కాలువ తీసి పక్కకు మళ్ళించండి.

మిగతా పాఠకులకు ఒక చిన్న పని. మీ ఇంటి వెనకో, బడి పక్కనో, గుడి మెట్ల దగ్గరో మట్టిని ఆపుతున్న గోడ ఒకటి ఉండే ఉంటుంది. ఈసారి గట్టి వాన పడి వెలిశాక, గొడుగు పట్టుకుని వెళ్ళి దాన్ని చూడండి. కన్నాల్లోంచి నీళ్ళు కారుతుంటే సంతోషించండి, గోడ మీద చారలు పడ్డాయని బాధపడకండి. కన్నాలుండీ కారకపోతే ఒక పుల్ల పెట్టి పొడవండి, పిచిక గూడో, గడ్డి వేరో అడ్డం ఉండొచ్చు. అసలు కన్నాలే లేకపోతే దాని కింద పిల్లల్ని ఆడనివ్వకండి, నాకో కార్డు రాయండి.

నేనయితే నా బీరువాలోని ఆ పాత రిపోర్టు మీద, సంతకం కింద, ఎర్ర సిరాతో ఒక వాక్యం రాసి పెట్టుకున్నాను: కన్నాలు మూయరాదు. ఆ వాక్యం మొదటే రాసుంటే ఆ గోడ ఇంకా నిలువుగా ఉండేదేమో. అప్పట్నుంచీ నేనిచ్చిన ఏ గోడ రిపోర్టులోనయినా ఆఖరి వాక్యం అదే.

వచ్చే నెల ఇంకుడు గుంతల గురించి మాట్లాడుకుందాం. అంతవరకూ వానలు చల్లగా కురవాలనీ, మీ గోడలు బాగా ఏడవాలనీ కోరుకుంటూ,

మీ
పాత ఇంజనీరు